తమ్ముడిచ్చిన ఎర్ర డాలు

ఒడిలో కంప్యూటర్ పెట్టె, దాని చుట్టూ మా అత్త దిల్షాద్‌బీ పాత దుప్పటి, దాని మీద నా రెండు చేతులు. ప్రొద్దుటూరు బస్టాండులో బస్సు ఇంకా కదలదు. డ్రైవరు కింద టీ తాగుతున్నాడు. తాగనీ, నాకేం తొందర, జమ్మలమడుగుకు ఎంత ఆలస్యంగా చేరితే అంత మంచిది, చేరితే మహీన్ గడప ఎక్కాలి, ఎక్కితే నోరు తెరిచి అడగాలి. కాదు, తొందరే. రేపు పొద్దున్నే పులివెందుల నుంచి వసుంధరమ్మ వస్తుంది. కూతురు గౌరి పెళ్ళి జాకెట్టు చేతుల మీద చీనీ కొమ్మ, అదే బత్తాయి కొమ్మ, కుట్టి సిద్ధంగా ఉండాలి. నేను గీసిన ఆ కొమ్మ ఈ పెట్టెలోనే ఎక్కడో ఉంది, ఎక్కడుందో నాకు కనపడటం లేదు. "కుదరకపోతే ముందే చెప్పు మెహతాబూ, జమ్మలమడుగులో మీ మహీన్ దగ్గర ఏపించుకుంటాం" అని ఫోనులో అనేసింది ఆమె, మామూలుగానే అంది, కోపంగా కూడా కాదు. కోపం లేకపోవడమే నాకు ఎక్కువ మండింది. మీ మహీనట. అది నాదెప్పుడైంది?

అది నా తోడికోడలు, మరిది కలీం పెళ్ళాం. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అని ఊరికే అన్నారా. నిజానికి అది నవ్వదు కూడా, అదే బాధ. నవ్వితే తిట్టుకోవచ్చు. "భాభీ, నీ కంప్యూటరు ఎట్లుంది?" అని జ్వరమొచ్చిన మనిషిని అడిగినట్టు అడుగుతుంది. మా ఆయన ఖాజా కువైట్‌లో బండి తోలి పంపిన దుడ్లతో ఈ చుట్టుపక్కల జాకెట్ల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మొదలుపెట్టింది నేను, మిషన్ తెచ్చింది నేను, సూదికి దారం ఎక్కించడం దానికి చేతులు పట్టుకుని నేర్పింది నేను. తర్వాత అదీ ఒక మిషన్ కొనుక్కుంది. కొనుక్కోనీ, ఊరు వేరు, గిరాకీ వేరు అనుకున్నాను. ఇప్పుడు మైదుకూరు నుంచీ వల్లూరు నుంచీ ప్రొద్దుటూరు దాటుకుని మరీ జమ్మలమడుగు పోతున్నారు. ఎందుకంటే మహీన్ చెప్పిన రోజుకు ఇస్తుంది. ఎందుకిస్తుందంటే దాని కంప్యూటర్ మొరాయించదు. దాని చేతిలో నాకంటే గొప్ప పనితనం ఏమీ లేదు, ఈ మాట ఎవరి ముందైనా చెప్తాను, దాని ఆకులన్నీ వరసగా నిలబెట్టిన స్కూలు పిల్లల్లా ఉంటాయి. కానీ చెప్పిన రోజుకు ఇస్తుంది.

కండక్టరు వచ్చాడు. ఆధార్ చూపించాను, సున్నా టికెట్ కొట్టాడు, ఒడిలోకి చూశాడు. "ఇదేందిమా?" "కంప్యూటరప్పా." "మనిషికైతే ఫ్రీ. దీనికి లగేజీ కొట్టాల." "పని చేయంది అప్పా ఇది, బాగు చేపించుకోడానికి పోతాండా." "పని చేసేదైతే ఏంది, చేయందైతే ఏంది, బరువు బరువే కదా." సరే కొట్టు అన్నాను. ముందు సీట్లలో గండికోట చూడబోయే కుర్రాళ్ళు, వీపుల మీద సంచులు, కిటికీలోంచి ఫోను బయటపెట్టి ఒకరినొకరు ఫోటోలు తీసుకుంటున్నారు, ఇంత ఎండలో ఏం సంతోషమో. బస్సు కదిలింది. బంగారు అంగళ్ళ బోర్డులు వెనక్కి పోతున్నాయి, వాటి పక్క సందులోనే మా తమ్ముడు అన్సర్ కంప్యూటర్ల షాపు, నేను కిటికీ వైపు నుంచి తల తిప్పుకుని పైట ముఖం మీదికి లాక్కున్నాను. సొంత తమ్ముడికి కనపడకూడదని దాక్కుంటున్నాను చూడండి, నా గతి ఎక్కడికొచ్చిందో.

వాడి దగ్గరికే పోవచ్చు. నడిచిపోయే దూరం. పోతే వాడు పెట్టె తెరుస్తాడు, తెరవగానే వాడిచ్చిన ఎర్ర డాలు పక్కన నేను దొంగచాటుగా వేసుకున్న పచ్చ తాళం కనపడుతుంది. అప్పుడు వాడి ముఖం చూడలేను. ఎర్ర డాలంటే యాంటీవైరస్, పచ్చ తాళం ఇంకో కంపెనీది. దాని అసలు పేరు ఏదో పొడుగ్గా ఉంటుంది, నాకు ఆ బొమ్మే గుర్తు. ప్రతి రంజాన్‌కు ఈద్‌గాలో నమాజ్ అయ్యాక వాడు తెల్ల జుబ్బాలో అత్తరు వాసనతో వస్తాడు, షీర్ ఖుర్మా తాగుతాడు, జేబులోంచి ఆ చిన్న అట్టపెట్టె తీసి పండగ కానుకగా నా చేతిలో పెడతాడు. "ఈదీ ఆపా. ఏడాది పొడుగునా నీకు రంది లేదు." అందరి తమ్ముళ్ళూ చీరలో గాజులో ఇస్తారు, మా వాడు వైరస్ రాకుండా మందు ఇస్తాడు, అని మొదటిసారి అందరికీ చెప్పుకుని మురిశాను. ఖాళీ పెట్టెలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. పుట్టింటి నుంచి వచ్చింది ఖాళీ అట్టపెట్టె అయినా పారేయడానికి చేతులు రావు. ఇక దాన్ని కంప్యూటర్‌లోంచి తీసేయడం నా వల్ల అయ్యే పనేనా?

కానీ అదేం డాలు, అదేం కాపలా! దొంగ వస్తే తోక ఊపి, ఇంటివాళ్ళొస్తే కరిచే కుక్క. ఫోటో స్టూడియో పెన్ డ్రైవ్ నుంచి నిజమైన వైరస్ వచ్చి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మార్చేసినప్పుడు అది హాయిగా నిద్రపోయింది. నేను కళ్ళు కాయలు కాసేలా కూర్చుని ఒక మామిడిపిందె గీసి, దాన్ని కుట్లుగా మార్చి దాచుకుంటే, ఆ ఫైలు పేరు చివరి అక్షరాలు తానెప్పుడూ చూడలేదని దాన్ని పట్టుకుపోయి లోపలేసేసింది. అడిగితే 'మీరు సురక్షితంగా ఉన్నారు' అంటుంది. మిషన్ మీద బట్ట బిగించి, దారాలు ఎక్కించి, ఫైలు కోసం చూస్తే ఉండదు. రోజుకోసారి ఎర్రగా పొంగుకొచ్చి 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఇంకా పెద్దది కొనండి' అని అరుస్తుంది. ప్రమాదం నువ్వేనే అని నేనూ అరుస్తాను. అన్సర్‌కు చెప్తే వచ్చి ఏవో నొక్కి, "ఇంగ రాదులే ఆపా" అంటాడు. వారం తిరగకముందే వస్తుంది. తమ్ముడు కదా, మళ్ళీ మళ్ళీ ఏమంటాం. నోరు మూసుకుని, గిరాకీని పోగొట్టుకుని, ఈదీ గౌరవం కాపాడుకున్నాను.

పెన్నా వచ్చింది. ఇసక, అక్కడక్కడా నీటి మడుగులు, మడుగుల్లో గేదెలు. పోయిన బక్రీద్‌కు మహీన్ ఇంటికి ఇదే బస్సులో పోయాను, బిర్యానీ తినడానికి, ఒడిలో ఈ శని లేకుండా. అందరూ వంటింట్లో ఉంటే నేను దాని మిషన్ గదిలోకి పోయాను. ఊరికే పోలేదు, చూడాలనే పోయాను, నాకు నేను అబద్ధం ఎందుకు చెప్పుకోవాలి. దాని కంప్యూటర్ మీట నొక్కితే నేను గ్లాసు నీళ్ళు తాగేలోపే తెరుచుకుంది. నాదైతే ఈలోపు అన్నం వండి వార్చవచ్చు. డిజైన్లన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కింద మూలన చిన్న పచ్చ తాళం, కిక్కురుమనకుండా కూర్చుని ఉంది, అరుపుల్లేవు, ఎరుపుల్లేవు. వేరే ఆడవాళ్ళకు తోడికోడలి మెడలో హారం మీద కన్ను పడుతుంది, నాకు పడింది ఆ పచ్చ తాళం మీద. ఎక్కడిది, ఎవరేశారు అని అడగొచ్చు, అడగలేదు. అడిగితే నాకు కావాలని తెలిసిపోతుంది. బెంగళూరు నుంచి తెప్పించుకుని ఉంటుంది, దాని పెద్దమ్మ కూతురు అక్కడే ఏదో కంపెనీలో పని చేస్తుంది, దానికన్నీ అలా కలిసొస్తాయి. భోజనాల దగ్గర మా అత్త నా పక్కనే కూర్చుని, "మహీన్ కంప్యూటర్ ఒక్కనాడు మొండికేయలేదు, మనిషి మంచిదైతే వస్తువు గూడా మాట వింటాది" అంది. చేతిలో ముక్క పళ్ళెంలోనే వదిలేశాను. నా వస్తువు మాట వినదు కాబట్టి నేనేమిటి?

ఆ బొమ్మను మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి నెట్‌లో వెతికాను. దొరికింది. కొన్నాళ్ళు ఊరికే వాడుకుని చూడండి అని ఉంది, వేసుకున్నాను. కంప్యూటర్ తెలిసినవాళ్ళెవరైనా పాతది తీసేసి కొత్తది వేసుకుంటారు. నేను తీయలేదు. అన్సర్ ఎప్పుడైనా వచ్చి తెర చూస్తే వాడి ఎర్ర డాలు అక్కడే ఉండాలి కదా, పుట్టింటి చీర పైన కప్పుకుని లోపల నాకు నచ్చింది కట్టుకున్నట్టు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని నాకు తెలియక కాదు. ఎర్రది పచ్చదాన్ని దొంగ అంది, పచ్చది ఎర్రదాన్ని దొంగ అంది, రెండూ కలిసి కంప్యూటర్ గొంతు పిసికాయి. నిన్నంతా మౌస్ కదలలేదు, ఈ పొద్దున కదిలింది, కదిలేసరికి చీనీ కొమ్మ లేదు. వాళ్ళిద్దరూ జుట్టూజుట్టూ పట్టుకుంటే మధ్యలో నా కొమ్మ విరిగింది. ప్రొద్దుటూరులో ఇంకెవరికైనా చూపిద్దామంటే ఆ సందులో అందరూ అందరికీ తెలుసు, 'అన్సర్ అక్క వాడిచ్చింది నమ్మక వేరేది వేసుకుంది' అని మధ్యాహ్నానికి వాడి చెవిలో పడుతుంది. మిగిలింది మహీనొక్కతే. దాని ఫైలు ఒకసారి ఇలాగే పోతే వెనక్కి తెచ్చుకుందని విన్నాను. లోకంలో ఎవరి ముందు చేయి చాపకూడదనుకున్నానో ఆమె ముందే.

ఆ కొమ్మ ఊరికే రాలేదు. వసుంధరమ్మ వాళ్ళది పులివెందుల దగ్గర చీనీ తోట, పిల్ల ఆ చెట్ల కిందే పెరిగింది, చేతుల మీద నెమళ్ళూ ఏనుగులూ వద్దు, మా తోట కావాలంది గౌరి. ఏ పుస్తకంలోనూ చీనీ కొమ్మ లేదు. నేనే పోయి తోటలో కూర్చున్నాను. పూత మీద ఉంది చెట్టు, తేనెటీగల మోత, తెల్లపూల వాసనకు తల తిరిగింది. కొమ్మ విరిచి ఇస్తామంటే వద్దన్నాను, చెట్టు మీద ఉన్నట్టుగానే గీయాలి. ఆకు ఎలా వంగుతుందో, కాయ బరువుకు కొమ్మ ఎక్కడ లొంగుతుందో గీసుకున్నాను. ముల్లు కూడా వదల్లేదు. ఇప్పుడు నా భయం అదే. పోయిన ఫైలు దొరకదేమోనని సగం భయం. దొరికితే అది ముందు మహీన్ కళ్ళ ముందే తెరుచుకుంటుందని ఇంకో సగం. ఒక్కసారి చూస్తే చాలు, ఒక్క నొక్కు నొక్కితే దాని కంప్యూటర్‌లోకి పోతుంది, వచ్చే పెళ్ళిళ్ళకు జమ్మలమడుగంతా నా చీనీ కొమ్మలే ఊగుతాయి. దొరక్కపోతే గౌరి జాకెట్టు దాని దగ్గరికి పోతుంది. ఎటు చూసినా లాభం దానికే. రోడ్డు పక్క నాపరాళ్ళ దొంతరలు మొదలయ్యాయి, గండికోట కుర్రాళ్ళు లేచి సంచులు తగిలించుకుంటున్నారు, ఊరొచ్చేసింది.

మహీన్ తలుపు తీసింది, చేతికి దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. "యా అల్లా, దీన్ని ఒళ్ళో పెట్టుకోని వచ్చినావా భాభీ? ఫోన్ చేసుంటే ఆయన్ను పంపేదాన్ని కదా" అంటూ పెట్టె నా చేతుల్లోంచి లాక్కుంది. మంచితనం, ఎప్పుడూ అదే మంచితనం, దాన్ని ఎక్కడ పట్టుకుని తిట్టాలో తెలియదు. వైర్లు తగిలించింది. తెర వెలగగానే మూలన ఎర్రదీ పచ్చదీ పక్కపక్కనే. దాని కళ్ళు అక్కడే ఆగాయి. "ఇదేంది భాభీ, రెండేసుకున్నావు?" "నెట్‌లో కనపడింది, ఏసినా." "ఇది నా దాంట్లో ఉండేదే కదా" అంది. అవును, నీ దగ్గర చూసే వేసుకున్నాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ముందు పచ్చదాన్ని తీసేసింది, ఎర్రదాన్ని కాసేపు నిద్రపుచ్చింది, దాని లోపలి కొట్టుగది తెరిచింది. నా డిజైన్లన్నీ అందులో వరసగా కూర్చుని ఉన్నాయి, ఎప్పుడో పోయిన మామిడిపిందె కూడా. ఏడుపొచ్చినంత పనైంది. పచ్చదాని తప్పేం లేదు, నా కొమ్మను మింగింది కూడా ఈదీయే. మహీన్ దాన్ని పెన్ డ్రైవ్‌లోకి తీసి, "చెడిపోయిందేమో చూద్దాం" అని తన కంప్యూటర్‌లో పెట్టి తెరిచింది.

కొమ్మ తెర నిండా వచ్చింది. నేను తెర చూడలేదు, దాని ముఖం చూశాను. అది దగ్గరికి జరిగింది. ఆకులు చూసింది, కాయ చూసింది, పెద్దది చేసి ముల్లు చూసింది. "ముల్లు గూడా ఏసినావా" అంది చివరికి. "నాకు తట్టేది కాదు భాభీ. నేనైతే ఆకు దగ్గరే ఆగిపోయుంటా." ఆ ముఖం నేను గుర్తుపట్టాను. బక్రీద్ రోజు ఇదే కుర్చీలో కూర్చున్నప్పుడు నాదీ ఇలాగే ఉండి ఉంటుంది. ఒళ్ళంతా చల్లబడింది, మజ్జిగ తాగినట్టు. దాచుకోవడం దేనికి, సంతోషమే అది, పచ్చి సంతోషం. మహీన్ ఏమీ కాపీ చేసుకోకుండా పెన్ డ్రైవ్ పీకి నా చేతిలో పెట్టింది. అప్పుడు చూశాను. డ్రైవ్ పీకగానే పచ్చ తాళం చిన్న కిటికీ తెరిచి అంతా బాగుందని చెప్పింది, దాని అడుగున 'మీ డీలర్: అన్సర్ కంప్యూటర్స్, ప్రొద్దుటూరు' అని ఉంది.

మళ్ళీ చదివాను. "ఇది మా అన్సర్ ఏసిందా?" మహీన్ తలొంచుకుంది. "అవు భాభీ. ఆయనే వచ్చి ఏసిపోయినాడు. నీకు చెప్పొద్దన్యాడు." బెంగళూరు లేదు, పెద్దమ్మ కూతురు లేదు. నా తోడబుట్టినవాడు, నా చేతి షీర్ ఖుర్మా తాగినవాడు, బస్సెక్కి వచ్చి మరీ ఈ ఇంటికి మంచిది వేసి, నాకు ఆ అరిచే ఎర్రదాన్ని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. అక్కడికక్కడే ఫోను చేశాను. "ఏరా అన్సర్, మహీన్‌కేమో పచ్చది, నాకు ఎర్రదా?" షాపులో ఎవరో ప్రింటర్ గురించి అడుగుతున్నారు. "అది అమ్మేది ఆపా" అన్నాడు. "నాకే కంపెనీ ఊరికే ఇయ్యదు. నీకేసినానంటే నీ దగ్గర దుడ్లు తీసుకోవాల. అక్క దగ్గర తీసుకునేదెట్ల? ఎర్రది మా డీలర్లకు ఊరికే ఇస్తారు." "ఊరికే వచ్చింది కాబట్టి నాకిచ్చినావు." "ఊరికే ఇయ్యగలిగేది నా దగ్గర అదొకటే ఉండాది ఆపా." "నీ ఇంట్లో ఏముంది?" అన్నాను. చెప్పడానికి వాడికి సిగ్గేసింది. "పచ్చదే" అన్నాడు.

ఫోను పెట్టేశాను. మహీన్ నీళ్ళు తెచ్చిచ్చింది. దుడ్లిచ్చి కొనుక్కున్నదానికి మంచిది దొరికింది, ప్రేమ ఉన్నదానికి ఇది దక్కింది. నన్ను అక్క అనుకోకుండా గిరాకీ అనుకుని ఉంటే వాడు నాకూ మంచిదే వేసేవాడు. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ వాడి మీద నిలబడదు, జారి జారి మళ్ళీ మహీన్ మీదికే పోతుంది. వాడు దీనితో మొహమాటం లేకుండా బేరమాడి ఉంటాడు, నిజం చెప్పి ఉంటాడు. నాతో ఇన్నేళ్ళు 'రంది లేదు ఆపా' అన్నాడు. ఆ నిజం మీద నాకు అసూయ పుట్టింది.

"ఎర్రది ఉండనీమంటావా, తీసేమంటావా?" అంది మహీన్. "ఉంచితే మళ్ళీ మింగుతాది భాభీ." "తీసెయ్." నొక్కింది. ఆ పాడు ఎర్రది పోతూ పోతూ కూడా ఒక ప్రశ్న వేసింది, ఎందుకు తీసేస్తున్నారో చెప్పండి అని. మహీన్ ఒక్కొక్కటే చదివి వినిపించింది. "నిదానంగా ఉందా అంటాంది. ధర ఎక్కువా అంటాంది. ఇంగా మంచిది దొరికిందా అంటాంది. ఏది నొక్కేది?" నిదానం నిజమే, కానీ నిదానాన్ని ఇన్నేళ్ళు మోశాను, దానికోసం తీసేదాన్ని కాదు. ధర సంగతి మా అన్సర్‌ను అడగాలి. మంచిది దొరికింది నాకు కాదు.

"కిందేముంది?" అన్నాను.

"వేరే కారణముంటే రాయమంటాంది."

"రాయ్."

"ఏమని?"

"నీ మింద కుళ్ళు అని రాయ్."

మహీన్ వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. నా వైపు తిరిగి చూసింది. నేను కళ్ళు దించలేదు. తర్వాత తెర వైపు తిరిగి, నిదానంగా, ఒక్కో అక్షరమే కొట్టింది, నేను చెప్పింది చెప్పినట్టే.

"పేరు గూడా అడుగుతాంది భాభీ."

"నాదే పెట్టు" అన్నాను.